ధారపోసిన బోదెలు

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఐదో తరగతితో పలక పక్కన పెట్టేసినదాన్ని. తప్పులుంటే మీరే సర్దుకోండి.

మా ఊళ్ళో పొద్దున్నే మగవాళ్ళు రేవులో దిగి గెడకర్రలతో బోదెలు నెడతారు. గెలలు కోసి రావులపాలెం మార్కెట్టుకి పంపేశాక అరటి బోదెలు ఎందుకూ పనికిరావని కాలవలో పారేస్తాం. మా కాలవ మాత్రం ఎవరు పారేసింది వాళ్ళ రేవుకే తెల్లారేసరికి ఎదురీదుకుంటూ తెచ్చి పెడుతుంది. తొంభయ్యారు తుఫాను నుంచీ ఇంతే. మళ్ళీ నెట్టేసి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగుతారు.

రెండువేల ఆరులో జగపతిరాజు గారి అమ్మాయి కీర్తిప్రియ రాజమండ్రిలో ఎంబీఏ చదివొచ్చింది. నేలా నీరూ పాడవకుండా వ్యాపారం ఎలా చెయ్యాలో చెప్పే చదువంట. మా పై రేవులో షెడ్డు వేసి, బోదెల్లోంచి నార తీసే మిషను పెట్టింది. మొదట్లో అందరూ ఊరికే పట్టుకుపొమ్మన్నారు. ఆ నారతో నేసిన సంచులు అమ్ముడుపోతున్నాయని తెలిశాక ఊరికి కడుపు మండింది.

"మా చెత్తతో మేడ కడతావా?" అన్నాడు మా మరిది చినబాబు.

"బోదెకింతని ఇస్తానండి."

"కుళ్ళబెట్టుకుంటాం గానీ నీకివ్వం."

షెడ్డు దారికి ముళ్ళకంప పడింది. ఎవరో మిషను బెల్టు కోసేశారు. పనికొచ్చే ఆడవాళ్ళు మానేశారు. పది రోజుల్లో నార పంపకపోతే ఇంకోచోట చూసుకుంటామని నేతవాళ్ళ సంఘం చెప్పేసింది.

ఎనిమిదో రోజు ఆ పిల్ల మా రేవుకొచ్చి నిలబడింది. మా ఆయన మెట్టు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నారు. ఊళ్ళో సగం తోట మాదే.

"బోదెలిప్పించండి, బాబాయ్ గారూ. ఎల్లుండికి నార వెళ్ళకపోతే షెడ్డు మూసెయ్యడమే."

"ఏంటీ, ఎంబీఏ గారు అడుక్కుంటున్నారా?"

రేవంతా నవ్వింది. దాంతో ఆయనకి హుషారొచ్చింది. "దానమంటే శాస్త్రప్రకారం ఇవ్వాలి కదా! ఏమేవ్, చెంబట్టుకురా!"

ధారపోసేటప్పుడు భర్త చేతిలో భార్యే నీళ్ళు పొయ్యాలి. పొయ్యమన్నారు, పోశాను. ఆయన దోసిలి పట్టి, పురోహితుడిలా ముక్కుతో రాగం తీస్తూ, "మా తోటలో బోదెలన్నీ కీర్తిప్రియమ్మ గారికి ధారపోశాను. న మమ! నావి కావు!" అని ఆ నీళ్ళు కాలవలోకి వదిలారు. చినబాబు కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత ఇద్దరూ గెడలతో బోదెలన్నీ నడి కాలవలోకి నెట్టేశారు.

"ఇంక పోయి తెచ్చుకో!"

ఆ పిల్ల కళ్ళు కూడా తుడుచుకోకుండా వెళ్ళిపోయింది.

తెల్లారి చూస్తే మా రేవు ఖాళీ. బోదెలు మా మెట్లు తాకకుండా వరసగా పైకి, ఆ పిల్ల రేవుకి పోతున్నాయి. ఆయన నడుంలోతు దిగి గెడ అడ్డం పెట్టారు. బోదెలు గెడ కిందనుంచి దూరి వెళ్ళిపోయాయి.

"హాస్యానికన్నానే!" అని కాలవ మీద అరిచారు. తర్వాత నామీదికి తిరిగారు. "నువ్వెందుకు పోశావే నీళ్ళు?"

"మీరు పొయ్యమన్నారు కదండీ."

చెంబు తీసి విసిరారు. భుజానికి తగిలింది.

మర్నాడు పొద్దున్నే, ఆయన లేవకముందే, కాలవగట్టున నడిచి షెడ్డుకి వెళ్ళాను. కీర్తిప్రియ ఒక్కతే ఓ బోదెని గట్టుమీదికి లాగలేక లాగుతోంది. కుచ్చెళ్ళు పైకి దోపుకుని నీళ్ళలోకి దిగి, రెండో కొస పట్టుకున్నాను.