మూడో సూది

సూదిలో దారం ఎక్కించబోవడం ఆమెకది నాలుగోసారి. వేళ్ళు మాట వినడం లేదు. ముప్ఫై ఏళ్ళుగా బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుడుతున్నందుకు ఆ దర్జీల గదిలో ఆమె పేరు కాజాలక్క. బుగ్గల నిండా ఎర్రటి మచ్చలు లేచాక, చాటున ‘ఎర్రబుగ్గలు’ అని నవ్వుకునేవారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు మింగుతూ పదేళ్ళు నెట్టుకొచ్చింది.

ఈ వారం దగ్గూ జ్వరమూ పట్టుకున్నాయి. వీధి చివరి క్లినిక్‌లో రోజుకొక యాంటీబయాటిక్ సూది రాశారు. ఈ ఉదయం మూడోది.

“నిన్న సూది వేశాక మూత్రం డికాక్షన్‌లా వచ్చిందయ్యా,” అంది కాంపౌండరుతో, గొంతు బాగా తగ్గించి.

“నీళ్ళు తాగకపోతే అంతే. మందు మీద చాడీలొకటి! చెయ్యి చాపు,” అన్నాడతను క్లినిక్ అంతా వినేలా. బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమె చెయ్యి చాపింది.

పదకొండింటికి నడుం విరిగిపోతున్నంత నొప్పి. పక్క మిషనావిడ తలెత్తి చూసి హడలిపోయింది.

“అక్కా, నీ కళ్ళేంటి ఇంత పచ్చగా ఉన్నాయి!”

గుడ్డ కత్తిరిస్తున్న దర్జీ మాస్టరు కత్తెర ఆపలేదు. “రోజుకో రోగం నీకు. రేపు బడి తెరుస్తారు. ఆ పన్నెండూ అవగొట్టి పో.”

అవగొట్టింది. పన్నెండో చొక్కా మడతపెట్టి, లేచి నిలబడబోయి కుప్పకూలింది. పక్క మిషనావిడా మాస్టరూ ఒట్టికాళ్ళతోనే ఎత్తి బండిలో పడుకోబెట్టారు.

తమ్ముడు పెద్దాసుపత్రికి పరుగున వచ్చేసరికి డాక్టరమ్మ రక్తపరీక్షల కాగితం పట్టుకుని నిలబడి ఉంది.

“ఆ సూదిమందు పడలేదు. తన రక్తకణాల్ని తన ఒళ్ళే విరగ్గొట్టేస్తోంది. నిన్ననే ఆపేసి ఉంటే…”

“నా రక్తం తీసుకోండమ్మా. ఎంతైనా సరే.”

“నీదీ చూస్తాం బాబూ. కానీ ఇక్కడున్న రక్తమేదీ తనకు కలవడం లేదు.”

కాజాలక్క కళ్ళు తెరిచింది. “ఆ కాంపౌండరుతో చెప్పానురా,” అంది తమ్ముడితో. “నాకే సరిగ్గా చెప్పడం రాలేదేమో.”

పొద్దు వాలకముందే ఊపిరి ఆగిపోయింది.

మర్నాడు బడి తెరిచారు. ఆమె పీట మీద మాస్టరు వేరొకామెను కూర్చోబెట్టాడు. బల్ల కింద కాలికేదో తగిలితే కొత్తామె వంగి చూసి, పాదంతో గోడవైపు తోసేసింది. అరిగిపోయిన చెప్పుల జత అది. ఎడమదాని తెగిన పట్టీకి పెట్టిన పిన్నీసు ఇంకా ఊడలేదు.