క్లచ్ మీద కాలు

ఆదివారం పొద్దున కారు కడగడం నా పని. పూరీల పిండి కలిపి మూతపెట్టి, అత్తమ్మకు వేణ్ణీళ్లు తోడి, ఆయన తెల్ల లాల్చీ ఇస్త్రీ చేసి, అప్పుడు బకెట్టు పట్టుకుని వాకిట్లోకి వస్తాను. చక్రాల మట్టి, అద్దాల మీద పిట్టల రెట్టలు, మ్యాట్ల మీద అత్తమ్మ రాల్చిన వక్కపలుకులు, అన్నీ నావే. స్టీరింగ్ మాత్రం నాది కాదు. దాన్ని తుడుస్తాను, అంతే. "మహిమ కడిగితె బండి షోరూంల ఉన్నట్టుంటది" అని మా ఆయన ప్రేమ్‌చంద్ చర్చిలో నలుగురి ముందూ మెచ్చుకుంటాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన మెచ్చుకున్నవన్నీ లెక్కేసుకుంటే తోమడం, తుడవడం, కడగడం తప్ప ఇంకోటి కనిపించదు. నేను కూడా ఆయనలాగే టీచర్ననీ, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో రోజంతా నిలబడి పాఠాలు చెప్పి వస్తాననీ ఆయనకు ఎప్పుడూ గుర్తుండదు.

నాకు ఒకే ఒక్కసారి డ్రైవింగ్ నేర్పాడు. కారు కొన్న కొత్తలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక అందరూ చర్చి ముందు నిలబడి మాట్లాడుకుంటుంటే "రా, నేర్పుత" అని పిలిచాడు. అందరూ చూడాలనే అప్పుడు పిలిచాడని తర్వాత అర్థమైంది. మా చర్చి పల్లంలో ఉంటుంది. గేటు దాటి రోడ్డెక్కాలంటే నిట్టనిలువు ఎత్తు. మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నదాన్ని ఆ ఎత్తు మీదికే ఎక్కించాడు. "క్లచ్! క్లచ్! బ్రేకెందుకు తొక్కుతవే!" క్లచ్ ఏ కాలితో తొక్కాలో చెప్పాడు కానీ ఎప్పుడు వదలాలో చెప్పలేదు. బండి ఎగిరెగిరి పడి ఆగిపోయింది, వెనక్కి జారింది. అందరూ ఘొల్లుమన్నారు. "దిగు. ఎనక కూసో. అవ్వ ముందు కూసుంటది" అన్నాడు. మా అత్తమ్మ రిబ్కమ్మ అప్పటికే తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు నుంచి ముందు సీటు ఆమెది.

తర్వాత ఆ ముచ్చటకు అంతూ పొంతూ లేదు. చుట్టాలొస్తే చాలు, కుర్చీలోనే ఎగిరెగిరి కూర్చుంటూ నా డ్రైవింగ్ చేసి చూపించేవాడు. కొన్ని నెలలకు క్లచ్ ప్లేటు కాలిపోతే "గా రోజు మహిమ తొక్కిన తొక్కుడుకే" అన్నాడు. కొత్త ప్లేటు వేశాక అదీ కాలిపోయింది. అప్పటికి నేను ఆ సీట్లో కూర్చుని రెండేళ్లయింది. "ఆమె చెయ్యి వడ్డదంటె గట్లనే ఉంటది" అంది అత్తమ్మ. నేను పళ్లాలు సర్దుతూ ఉన్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అయినా వాటిని భరించాను. భరించలేనిది పోయిన మే నెలలో జరిగింది.

చొప్పదండిలో మా అవ్వ, నన్ను కన్నతల్లి, కళ్లు తిరిగి పడిపోయిందని పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. మధ్యాహ్నం. ఆయన అప్పుడే మటన్ కూరతో అన్నం తిని కూలర్ ముందు ఒరిగాడు. "జర ఎండ తగ్గనియ్యి, పోదాం. ముసలోళ్లకు కండ్లు తిరుగుడు మామూలే." బస్సుకు పోతానన్నాను. "ఇంట్ల కారు వెట్టుకొని బస్సుల పోతవా? మంది ఏమనుకుంటరు?" తాళం ఆయన దిండు కింద ఉంది. కారు వాకిట్లో తళతళ మెరుస్తూ ఉంది, పొద్దున నేనే కడిగాను. పక్కింటామె మళ్లీ ఫోన్ చేసి "మహిమ బైలెల్లిందా అని మీ అవ్వ అడుగుతుంది బిడ్డా" అంది. ఆయన గురక పెడుతున్నాడు. అరగంట దారి. మేము పోయేసరికి పొద్దు గూట్లో పడింది, మా అవ్వ మాట పడిపోయింది. నన్ను చూసి పెదవులు కదిపింది. ఏమందో నాకు తెలియదు, ఇంకెప్పటికీ తెలియదు. తెల్లారి కన్నుమూసింది. భూస్థాపనకు వచ్చినవాళ్లను ఆయన కారులో తిప్పుతుంటే "అల్లుడంటె గిట్లుండాలె" అన్నారు.

నేను క్షమించలేదు. మా అపరాధములు క్షమించుము అని చర్చిలో అందరితో పాటు పెదవులు కదిపాను కానీ గొంతు కలపలేదు.

మా బడిలో లెక్కల టీచర్ యాస్మీన్ రోజూ తన పాత కారు తనే నడుపుకుంటూ వస్తుంది. ఆమెను అడిగాను. బడి అయ్యాక మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాకు తీసుకుపోయేది. ఇంట్లో స్పెషల్ క్లాసులని చెప్పాను. మొదటిరోజు స్టీరింగ్ పట్టుకోగానే చెవుల్లో ఆయన కేకలు మోగాయి. యాస్మీన్ చల్లగా నవ్వింది. "డరో నక్కో మహిమా, భయపడకు. గిది నీ మొగుడు కాదు, చెప్పినట్టు ఇంటది. క్లచ్ మెల్లగ ఇడువు. బండి జర వణుకుతది, ఆడ కాలు ఆపు. ఇగ బండి నీ చేతులకొచ్చినట్టే. అప్పుడు బ్రేక్ ఇడువు." వణికింది. ఆపాను. బ్రేకు వదిలితే ఆ జాగా చివరి ఎత్తు మీద బండి కదలకుండా నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. ఇంతేనా? దీనికేనా ఇన్నేళ్లు నన్ను నవ్వులపాలు చేసింది?

ఇంకో మాట కూడా చెప్పింది. "గేర్ పడ్డంక ఎడమకాలు క్లచ్ మీదికెల్లి తియ్యాలె. ఆన్నే వెట్టుకుంటె ప్లేట్ కాలిపోతది." వెనక సీట్లో కూర్చుని ఇన్నేళ్లూ నేను చూసింది ఆయన ఎడమకాలినే. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా అది క్లచ్ మీదే ఉంటుంది. ఆ రోజు నేను గట్టిగా నవ్వితే యాస్మీన్ భయపడింది.

లైసెన్స్ వచ్చింది. బీరువాలో అవ్వ చీర మడతలో పెట్టి ఊరుకున్నాను. సమయం కోసం చూశాను. సమయం ఆయనే తెచ్చిపెట్టాడు.

పోయిన వారం ఇచ్చోడలో మా ఆడబిడ్డ ఇంటి పెళ్లికి బయల్దేరాం. నిర్మల్ దాటాక ఘాట్ ఎక్కుతుంటే ముందు లారీ ఆగింది, మేమూ ఆగాం. మళ్లీ కదిలేటప్పుడు కారు వెనక్కి జారింది. వెనక పత్తి బేళ్ల లారీ. "హ్యాండ్‌బ్రేక్ గుంజుండ్రి" అన్నాను. "నోర్మూసుకో! నీకేం ఎరుక?" అన్నాడు. ఇంకా జారింది. నేనే రెండు సీట్ల మధ్య నుంచి వంగి హ్యాండ్‌బ్రేకు లాగాను. అప్పటికి కాలిన వాసన కారంతా నిండింది. ప్లేటు పోయింది. దారిన పోయేవాళ్లు తోసి పక్కకు పెట్టారు. మెకానిక్ వచ్చి బాగుచేసేదాకా అత్తమ్మ రాయి మీద కూర్చుని స్తోత్రం స్తోత్రం అంటూనే ఉంది.

ఈ ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. చెప్పేవాళ్లను ఎవరూ మధ్యలో ఆపరు, పాస్టర్ అయ్యగారు కూడా ఆపరు. మాట మాటకూ సంఘమంతా స్తోత్రం అనాలి. ప్రేమ్‌చంద్ లేచాడు. "ఘాట్ల బండి ఎనకకు జారింది. మా ఆమె ఎనకకెల్లి ఒకటే లొల్లి. నేను గాబరా అయిన. అయినా దేవుడు నా చేతులను బలపరచి బండిని ఆపిండు." స్తోత్రం అన్నారు. కొందరు నావైపు చూసి నవ్వారు.

ఆయన కూర్చోగానే నేను లేచాను.

"అయ్యగారికి, సంఘానికి వందనాలు. గా ఘాట్ల హ్యాండ్‌బ్రేక్ గుంజిన చెయ్యి నాది. బలపరచినందుకు దేవునికి స్తోత్రం."

అలవాటు మీద అందరూ స్తోత్రం అనేశారు. ప్రేమ్‌చంద్ తల గిర్రున నావైపు తిరిగింది.

"మా ఇంట్ల మూడు క్లచ్ ప్లేట్లు కాలినయి. ఆయన ఎడమకాలు క్లచ్ మీదికెల్లి లెవ్వదు. గీ సంగతి నేను నేర్చుకుంటెనే ఎరుకైంది. నాకు లైసెన్స్ ఇప్పించినందుకు దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!" ఈసారి ఆడవాళ్ల వైపు నుంచి గట్టిగా వచ్చింది. "కూసో మహిమా" అని ఆయన పళ్ల మధ్య నుంచి అన్నాడు. "సాక్ష్యం చెప్తుంటె ఆపద్దు ప్రేమ్‌చంద్" అంది ముందు వరుసలో ముసలి సత్తమ్మ.

"మా అవ్వ పడిపోయిన్నాడు కారు వాకిట్లనే ఉండె. ఎండ తగ్గినంక పోదామని ఈయన పండుకున్నడు. మా అవ్వ నా కోసం అడుగుకుంట అడుగుకుంట మాట పోగొట్టుకున్నది. గీ మాట నా కడుపులకెల్లి బయటికి తీసినందుకు దేవునికి స్తోత్రం."

ఎవరూ అనలేదు. చివరికి సత్తమ్మ కళ్లు తుడుచుకుని ఒక్కతే "స్తోత్రం" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు జాలి కలగలేదు. హాయిగా ఉంది.

లాల్చీ జేబు సాగుతుందని చర్చికి వచ్చినప్పుడు ఆయన తాళం ఎప్పుడూ నా బైబిల్ సంచిలోనే వేస్తాడు. బయటికి వచ్చి నేరుగా డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. అత్తమ్మ అలవాటు కొద్దీ ముందు తలుపు తీసుకుని ఎక్కి, నన్ను చూసి బిత్తరపోయింది. చర్చి ముందు అందరూ నిలబడే ఉన్నారు. ప్రేమ్‌చంద్ నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏం పిచ్చివట్టిందా? దిగు. తాళమియ్యి."

"ఎనక కూసోండ్రి. అత్తమ్మ ముందు కూసుంటది."

"నేనా? ఎనకనా? నేనెక్క!"

బండి స్టార్ట్ చేసి ఎత్తు మీదికి పోనిచ్చాను. మొదటిసారి బండి ఆగిపోయిన చోటే సరిగ్గా, కావాలని ఆపాను. అందరూ చూస్తున్నారు. క్లచ్ మెల్లగా వదిలాను, వణికింది, బ్రేకు వదిలాను. కారు వెనక్కి కదల్లేదు. అత్తమ్మ డాష్‌బోర్డు పట్టుకుని "ఎటు పోతున్నవే?" అంది.

"చొప్పదండికి. మా అవ్వ సమాధి కాడికి."

"మరి వాడు?"

అద్దంలో చూశాను. ఎండలో, నేను ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీలో, పరుగెత్తాలో నిలబడాలో తెలియకుండా ఉన్నాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, గేటు దాకా వినిపించేలా చెప్పాను.

"మీరు జర ఎండ తగ్గినంక రాండ్రి."