గంజిలో పడ్డ ఆకాశనౌక

లింగవ్వ మళ్లీ మాయమైంది.

ఆత్మారాం మౌసు ఒక్కసారి నొక్కాడు, అంతే. చెరుకుతోట ఈ గట్టున నిలబడ్డ మనిషి ఆ గట్టున తేలింది. మధ్యలో నడిచిందా, ఎగిరిందా, ఆ దేవుడికే తెలియాలి. ఆత్మారాం నెత్తి కొట్టుకున్నాడు. కంప్యూటర్ ఎంత వేగంగా పనిచేస్తే లింగవ్వ అంత వేగంగా నడవాలని పన్నెండేళ్ల కింద రాసింది తనే. కంప్యూటర్ల వేగం ముందుముందు ఇంకా పెరుగుతుందన్న సోయి ఆనాడు లేకపోయింది. ఎవరు చేసుకున్న ఖర్మ వాళ్లు అనుభవించాల్సిందే.

లింగవ్వ ఆయన చేసిన కంప్యూటర్ ఆటలో మనిషి. బోధన్ పక్కన చెరుకుతోటలో వేరే గ్రహం వాళ్ల వాహనం ఒకటి దిగుతుంది. చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం వాళ్ల కంటికి తమ కులపెద్దలా కనిపించి, దాని ముందు సాగిలపడి లేవరు. బీడీలు చుట్టే లింగవ్వ వాళ్లకు నచ్చజెప్పి ఇంటికి పంపాలి. ఆడేవాడు తెర మీద బొమ్మల్ని నొక్కుతూ, దొరికిన వస్తువులు ఏరుకుంటూ, దేన్ని దేనితో కలపాలో కనిపెడుతూ ఆమెను నడిపించాలి. డబ్బా మీద పేరు ‘చెరుకుతోటలో ఆకాశనౌక’. మాటలన్నీ రాసిన హన్మాండ్లు పెట్టిన పేరు మాత్రం ‘చెరుకుతోటల గాలిమోటర్’. డబ్బా మీద అట్లా బాగుండదని ఆత్మారాం మార్చాడు. పేరు కింద ‘కడుపుబ్బ నవ్వించే ఆట’ అని కూడా వేయించాడు. కొన్నవాళ్లలో ఒక్కడూ నవ్వలేదు. ఆత్మారాం దుకాణానికి వచ్చి తిట్టిపోయినవాళ్లే అందరూ.

పన్నెండేళ్ల తర్వాత, 2006 ఎండాకాలంలో, హైదరాబాద్ కంపెనీ ఒకటి ఫోన్ చేసింది. పాత తెలుగు ఆటలు ఏరి, కొత్త కంప్యూటర్ల మీద నడిచేటట్టు చేయించి, అన్నీ ఒకే సీడీలో వేస్తారట. షరతు ఒక్కటే. శనివారం వాళ్ల మనిషి నిజామాబాద్ వస్తాడు, అతని ముందు ఆట మొదటి నుంచి చివరిదాకా ఆడి చూపించాలి. చూపిస్తే సీడీలో చోటు, లేకుంటే లేదు. ఖలీల్‌వాడిలో ఊళ్లోవాళ్ల కంప్యూటర్ల దుమ్ము దులిపి బతుకుతున్న ఆత్మారాంకు ఇది మామూలు సంగతి కాదు. జీవితంలో తాను సొంతంగా చేసింది ఈ ఒక్క ఆటే. అది కూడా తిట్లతోనే ముగిసింది. ఈ సీడీలో పడితే ఆ తిట్లు కడిగేసుకోవచ్చని ఆశపడ్డాడు.

మంగళవారానికల్లా లింగవ్వ నడక దారికి తెచ్చాడు. బుధవారం చప్పుడు వచ్చింది, కాకపోతే కోడి కూయాల్సిన చోట ఫ్యాక్టరీ సైరన్ మోగింది. దాన్నీ సరిచేశాడు. రంగులు ముదిరి వేరే గ్రహం వాళ్లు పసుపు కొమ్ముల్లా తేలితే, పోనీలే, ఇట్లనే బాగున్నారని వదిలేశాడు. ఇంత చేసీ చివరి చిక్కు దగ్గర ఎప్పటిలాగే బొక్కబోర్లా పడ్డాడు.

ఆ చిక్కు ఇది. వేరే గ్రహం వాళ్ల దగ్గర మెరుపు డబ్బా ఒకటి ఉంటుంది. అది మెరుస్తున్నంతసేపు ఆకాశం నుంచి వాళ్ల చుట్టాలు దిగుతూనే ఉంటారు. ఏం చేయాలో పక్కింటి ముసలవ్వ లింగవ్వకు చెబుతుంది: ‘ఆ మెరుపు డబ్బాను గంజిలో పెట్టి, పైన మూత మూయి.’ పొయ్యి మీద గంజి ఉంది. అందరూ అందులోనే పెట్టారు. పెట్టగానే చుయ్యిమని పొగ, తెరంతా చీకటి, ‘ఖేల్ ఖతం’ అనే అక్షరాలు. ఆట మళ్లీ మొదటికి. నడుమ ఎక్కడైనా ఆపి, అక్కడి నుంచే ఆడుకునే వీలు ఆత్మారాం పెట్టలేదు. అప్పట్లో అది ఆయనకు చేతకాలేదు.

చెప్పినట్టు చేస్తే ఆట పోవడం ఏం న్యాయం? జనం అడిగింది అదే. ఆత్మారాం అప్పట్లోనే బోధన్ పోయి హన్మాండ్లును నిలదీశాడు. హన్మాండ్లు అప్పుడు ఒక చక్కెర ఫ్యాక్టరీ కాంటా దగ్గర చెరుకు బండ్లు తూచేవాడు. సాయంత్రాలు నిజామాబాద్ వచ్చి ఆట పని చూసేవాడు. మాటలూ, ఏ వస్తువు దేనితో కలవాలన్న పట్టికా అతనివే, బొమ్మలూ అక్షరాలూ ప్రోగ్రామూ ఆత్మారాంవి. అడిగినదానికి అతను చెప్పిన జవాబు ఒక్కటే.

“అండ్లనే రాసి ఉన్నది. సదువుకో.”

ఇంకోసారి అడిగినా అదే, బతిమాలినా అదే. ఆత్మారాంకు ఒళ్లు మండింది. ఆ పట్టిక విప్పి చూసుకుంటే అప్పుడే తేలిపోయేది. కానీ చూస్తే ఓడినట్టవుతుందని పంతం. హన్మాండ్లు పెట్టిన చిక్కుకు తలా తోకా లేదని, తన ఆటను వాడే ముంచాడని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. మాట బోధన్ దాకా పోయింది. పన్నెండేళ్లు ఇద్దరికీ పలుకుల్లేవు. ఈలోగా ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీలు బూజు పట్టి పోయాయి. మిగిలింది వర్నిలో ఒక టీచరు బీరువాలో దొరికిన కాపీ ఒక్కటే, అందులో పట్టిక విప్పి చూసే వీలు లేదు.

గురువారమంతా మెరుపు డబ్బాను బావిలో వేశాడు, కోళ్లగంప కింద పెట్టాడు, తునికాకు కట్టల్లో దాచాడు. ప్రతిసారీ ఖేల్ ఖతం, ప్రతిసారీ గంటసేపు మొదటి నుంచి ఆట. శుక్రవారం పొద్దున తిట్టుకుంటూనే బోధన్ బస్సు ఎక్కాడు.

హన్మాండ్లు కాంటా పని మానేసి చాలా కాలమైంది. బస్టాండ్ వెనుక కాలిపోయిన మోటర్లకు కొత్త తీగ చుట్టే దుకాణం పెట్టుకున్నాడు. చెక్క చట్రం తిప్పుతూ, దాని మీద రాగి తీగ చుట్టలు లెక్కపెడుతున్నాడు. భార్య రాధాబాయి పక్కన కూర్చుని తీగల నడుమ పెట్టే కాగితం ముక్కలు కత్తిరిస్తోంది.

“ఏం సారూ, తొవ్వ తప్పినవా?” అన్నాడు హన్మాండ్లు, తల ఎత్తకుండా.

‘సారూ’ అన్న పిలుపు ఆత్మారాంకు చెంపదెబ్బలా తగిలింది. ఒకప్పుడు ‘అరే ఆత్మా’ తప్ప వేరే పిలుపు లేదు ఆ నోట.

“తప్పలె. నీ దగ్గరికే వచ్చిన.”

“మోటర్ కాలిందా?”

“నా నెత్తి కాలింది” అని ఆత్మారాం సీడీ సంగతి, శనివారం సంగతి అన్నీ ఏకరువు పెట్టాడు. రాధాబాయి లేచి స్టూలు జరిపి, “కూసో అన్నా” అంది. హన్మాండ్లు చట్రం తిప్పడం ఆపలేదు.

“జవాబు చెప్పు హన్మాండ్లూ. రేపే ఆడి సూపియ్యాలె.”

“అండ్లనే రాసి ఉన్నది.”

ఆత్మారాం ఓపిక అంతటితో సరి. స్టూలు మీది నుంచి లేచాడు.

“ఏం రాసి ఉన్నదయ్యా! పన్నెండేండ్ల సంది గదే మాటనా! నాకు నోటికొచ్చు, విను. ఆ మెరుపు డబ్బాను గంజిలో పెట్టి, పైన మూత మూయి! పెట్టిన! నేను పెట్టిన, కొన్నోళ్లందరు పెట్టిండ్రు! ఆగమాగమైంది తప్ప ఏమైంది? గిదేం చిక్కయ్యా, మనుషులు పెట్టేదేనా?”

రాధాబాయి కత్తెర పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. “గంజిల పెడితె కరాబ్ కాదా అన్నా? రేడియో తీస్కపోయి గంజిల ముంచుతమా ఎవలమన్న?”

హన్మాండ్లు చెయ్యి ఆగింది.

“గంజిలనా? ఎవడు రాసిండు గంజిల అని? నేను గంజుల అని రాసిన. గంజు! బువ్వ వండే గంజు. లింగవ్వ ఇంటెనుక బోర్లిచ్చి ఉంటది సూడు, ఇత్తడిది. డబ్బ గా గంజుల పెట్టి మూత మూస్తె ఎలుగు బయటికి రాదు, పైనోళ్లకు కనవడదు. గింతే గదా! బీడీలు చుట్టే అవ్వను అడిగినా చెప్తది.”

ఆత్మారాం మళ్లీ స్టూలు మీద కూలబడ్డాడు. అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది.

హన్మాండ్లు నోటుపుస్తకంలో రాసిచ్చిందంతా మన ఇళ్లలో మాట్లాడే మాటే. చేతుల, ఇంట్ల, తోటల. సరిగ్గా కాపీలు తీసే ముందు ఆత్మారాంకు భయం పట్టుకుంది. కంప్యూటర్ మీద ఇట్లాంటి తెలుగు చూస్తే బయటివాళ్లు నవ్వరా? హన్మాండ్లుకు చెప్పకుండా, మరీ మోటనిపించిన మాటల్ని చేత్తో తిరగరాసి, మిగతావన్నిటినీ పుస్తకాల తెలుగులోకి మార్చే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. లింగవ్వ ఆటంతా ఏదో ఒకటి చేతుల పట్టుకునే తిరుగుతుంది, ఎక్కడ చూసినా ‘చేతుల’ అన్న మాటే. అందుకని మాట చివర ‘ల’ ఉండి, దాని ముందు అక్షరానికి కొమ్ము ఉంటే, కొమ్ము తీసి గుడి పెట్టు, ‘ల’ను ‘లో’ చేయి అని రాశాడు. చేతుల చక్కగా చేతిలో అయింది. పురుగుల మందు పురుగిలో మందు అయింది, బస్సుల బస్సిలో అయింది. ఇట్లా అడ్డదిడ్డంగా పడ్డవాటిని కంటితో పట్టుకుని ఒక్కొక్కటి దిద్దాడు. గంజుల మాత్రం గంజిలో అయి కూర్చుంది. గంజి మంచి తెలుగు మాటే కదా, కన్ను దాని మీద ఆగలేదు.

ముంచింది హన్మాండ్లు కాదు. పన్నెండేళ్లు ఊరంతా తిరిగి చెప్పిన మాట అబద్ధం. అచ్చుతప్పు అంటే సరిపోతుందని ఒక్క క్షణం అనిపించింది. అట్లా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“నేనే మార్చిన” అన్నాడు. “నువ్వు గంజుల అనే రాసినవ్. నేను మార్చంగ అట్ల పడ్డది.”

“గదొక్కటేనా?”

“మొత్తం మార్చిన.”

“మొత్తమంటే?” హన్మాండ్లు గొంతు మెల్లగా వచ్చింది. డబ్బా మీద పేరు మార్చినందుకే వారం రోజులు అలిగిన మనిషి. లోపల కూడా మారిందని అతనికి తెలియదు. మార్చకముందు ఒకసారి ఆడి చూసుకున్నాడు, ఆ తర్వాత చూద్దామంటే ఇంట్లో కంప్యూటర్ లేదు. “లింగవ్వ గా గాలిమోటరోళ్లను మొదలు సూడంగనే ఏమంటది? సదువు.”

చదవక్కర్లేదు, వారం రోజులుగా చూసీ చూసీ ఆత్మారాంకు కంఠస్థం. “మీరు ఏ గ్రహం నుండి విచ్చేశారు? దయచేసి మా గృహంలోకి రండి.”

రాధాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “గిదెవరన్నా, రేడియోల వార్తలు సదివే ఆమెనా?”

హన్మాండ్లు నవ్వలేదు. గోడవైపు చూస్తూ తాను రాసింది చెప్పాడు. “ఎవలోళ్లు బిడ్డా మీరు? గింత పచ్చగున్నరు, కామెర్లా ఏంది? పసరు మందు పోపిస్త, బీడీలు తొక్కకుంట రాండ్రి.”

ఆత్మారాంకు ఫక్కున నవ్వు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు, కడుపు పట్టుకుని నవ్వాడు. తన ఆటకు తాను నవ్వడం ఇదే మొదలు. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“రెండో ఆట సుత రాసి పెట్టిన” అన్నాడు హన్మాండ్లు. “నీకిద్దామనే. ఇగ నా మాటలు ఎవలకు సమజ్ కావని, నవ్వు రావని, వానాకాలం పొయ్యిల పెట్టిన. పో. గంజు ఒక్కటి దిద్దుకోని రేపు సూపియ్యి. సీడీల వస్తది.” ముఖం తిప్పుకుని మళ్లీ చట్రం తిప్పసాగాడు. “నూట ముప్పై. నూట ముప్పై ఒకటి.”

అతను అన్నది నిజమే. ఆ ఒక్క అక్షరం దిద్దడం పది నిమిషాల పని. మిగతా మాటలన్నీ వెనక్కి తేవాలంటే నెలలు పడతాయి.

అప్పుడే సెల్ మోగింది. హైదరాబాద్ కంపెనీ మనిషి.

“ఆత్మారాంగారూ, రేపటికి అంతా సిద్ధమేనా? ఆట చివరిదాకా వెళ్తుందిగా?”

ఆత్మారాం హన్మాండ్లు వీపు వైపు చూశాడు.

“పోతది సార్. కానీ రేపు కాదు. మాటలన్నీ తప్పున్నయి. మల్ల రాయాలె.”

“అదేంటండీ? రేపు దాటితే ఈ సీడీలో కుదరదు. ఇంకో సీడీ వేసేది కూడా లేదు.”

“ఎరుకే సార్.”

“పోనీ తప్పు ఎక్కడ జరిగింది? మీరే చెప్పారు కదా, మాటలు రాసినాయన సరిగ్గా రాయలేదని.”

“అబద్ధం చెప్పిన సార్. ఆయన మంచిగనే రాసిండు. ఆయన పేరు హన్మాండ్లు, బోధన్. ఆట ఆయనది. ఆయనకు చెప్పకుంట మార్చి కరాబ్ చేసింది నేను.”

అవతల సరేనండీ అని ఫోన్ పెట్టేశారు. సీడీ పోయింది. ఆత్మారాం సెల్ జేబులో వేసుకుని, కొట్టినా తిట్టినా సరే అన్నట్టు నిలబడ్డాడు.

చట్రం ఆగిపోయింది. హన్మాండ్లు తీగ చేతిలో పట్టుకుని అట్లే కూర్చున్నాడు.

“నూట ఎంత?” అని రాధాబాయిని అడిగాడు.

“నాకేం ఎరుక? లెక్కవెట్టేది నువ్వు.”

“లెక్క తప్పింది” అన్నాడు హన్మాండ్లు. చుట్టిన తీగంతా వెనక్కి విప్పడం మొదలుపెట్టాడు. “పొద్దటి సంది చుట్టింది ఆగం చేసినవ్ గదరా ఆత్మా. ఇట్ల రా, గీ కొస పట్టుకో.”