ఆదివారం ఒక్కపొద్దు

బద్దెపురుగు దొరికితే సంబరపడే మనుషులు ఈ లోకంలో తక్కువ. గౌరి ఆ తక్కువమందిలో ఒకతె. హిందూపురంలోని ఒక కాలేజీలో మంచినీటి చేపల పరాన్నజీవుల మీద పరిశోధన చేస్తోంది. పెనుకొండ దగ్గరి ఒక చెరువు నుంచి తెచ్చిన బొచ్చె చేప కడుపు కోస్తే, నాడాలాంటి తెల్లటి పురుగు జానెడు పొడవున బయటపడింది. ఆ సంబరంలో ఫోటో తీసి, చెరువు పేరుతో సహా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

సాయంత్రానికల్లా ఆ ఫోటో గ్రూపులన్నీ తిరిగి, ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న వాళ్ళ నాయన ఫోనుకే వచ్చింది. కింద ఎవరో 'ఈ చేపలు తింటే కడుపులో పాములు పెరుగుతాయి' అని రాశారు. నాయన ఫోన్ చేసి, "చూసినావా పాపా, ఇంక మనం చేపలు తెచ్చుకోకూడదు" అన్నాడు. ఫోటోలో పురుగును పట్టుకున్న చెయ్యి తనదేనని చెప్పకుండానే గౌరి ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఆదివారం. ఆ చెరువులో చేపలు పట్టే ఓబులేసు, ఆమెకు ఆ బొచ్చెను ఇచ్చినవాడే, పొద్దున్నే ఫోన్ చేశాడు.

"తెల్లారకముందే వల లాగినాం అమ్మా. సోమందేపల్లిలో గంపలు దించుకోని కూర్చోనుండాం. ఒక్కరూ కొనల్యా. మీరు పెట్టిన ఫోటోనే కదా, మీరే వచ్చి ఒక మాట చెప్పండి."

ఈ ఎండలకు చేపలు ఆగవు. ఈ పూట అమ్ముడుపోకపోతే గుంత తీసి పూడ్చిపెట్టాల్సిందే. ఆ మాట ఓబులేసు అనలేదు కానీ గౌరికి తెలుసు. దొరికిన బస్సెక్కింది.

హైవే పక్కన గంపల మీద తడిగోనెలు కప్పి, ఓబులేసు భార్య యల్లక్క ఈగలు తోలుతోంది. చుట్టూ జనం బాగానే ఉన్నారు. కొనడానికి కాదు, పురుగు చూడడానికి. గౌరి వాళ్ళ ముందు నిలబడి గొంతెత్తి చెప్పింది. ఈ పురుగు చేప కడుపులోనే ఉంటుంది, పేగులు తీసేస్తే అదీ పోతుంది, మనుషుల్లో పెరిగే రకం కాదు, కడిగి బాగా ఉడికించుకుంటే భయమే లేదు. చెప్పిందంతా నిజమే.

"నేనూ అదే చెప్తాండా పొద్దుట్నుంచి!" అంటూ యల్లక్క లేచింది. అందరూ చూస్తుండగానే ఒక చేప కోసి, కడిగి, పక్కనున్న టీకొట్టు పొయ్యి మీద వేయించి, ప్లేటులో పెట్టి తెచ్చింది. "నువ్వొక ముక్క తిను బిడ్డా. నువ్వు తింటే వీళ్ళ నోళ్ళు మూతపడతాయి."

జనమంతా గౌరి నోటి వైపే చూశారు. ఒకప్పుడు ఆమెకు చేపలంటే ప్రాణం. లెన్సు కింద పేగులు చీల్చడం మొదలుపెట్టినప్పటి నుంచి ముద్ద దిగదు. ఆ ముక్కలో ఏమీ లేదని చదువు చెబుతోంది, గొంతు ఒప్పుకోవడం లేదు.

"ఈరోజు నాకు ఒక్కపొద్దక్కా" అనేసింది.

"ఆదివారం ఒక్కపొద్దేంది?" అన్నాడు సంచి పట్టుకుని నిలబడిన ఒకాయన.

"సూర్యనారాయణ సామికి ఉంటారప్పా, నీకేం తెలుసు?" అని యల్లక్క కసిరింది. గబగబా ప్లేటు వెనక్కి తీసుకుని చెంపలేసుకుంది. "తెలీక నీసు నీ ముందర పెడ్తిని. ఏమనుకోవద్దు తల్లీ." గౌరిని నీడలో కూర్చోబెట్టి అరటిపండ్లు తెప్పించింది.

గౌరికి తల కొట్టేసినట్టయింది. సంచి ఆయన సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "చదువుకున్న ఆమే తినల్యా. మనకెందుకప్పా" అని కదిలాడు. ఆయన వెనకే మరికొందరు కదిలారు. యల్లక్క ఎవర్నీ ఆపలేదు. గోనె మీద ఇంకాసిని నీళ్ళు చల్లింది.

అది చూడలేక గౌరి లేచి ప్లేటు అందుకుంది. ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలీ నమలకుండానే మింగింది. ముళ్ళు ఏరి పక్కన పెడుతూ, అందరికీ కనబడేలా ఆ ముక్కంతా తింది.

సంచి ఆయన వెనక్కి వచ్చాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ వచ్చారు. ఓబులేసుకు చేపలు కోసివ్వడానికి చేతులు చాలలేదు.

"చూడండప్పా! మా చేపల కోసం దేవుని ఒక్కపొద్దు చెడగొట్టుకుండాది ఈ బిడ్డ" అని యల్లక్క వచ్చినవాళ్ళకల్లా చెప్పింది. కళ్ళనిండా నీళ్ళు. గౌరి దగ్గరకు వచ్చి గడ్డం పట్టుకుంది. "ఆ దోసం నీకొద్దు తల్లీ. నీ బదులు నేనుంటా. వచ్చే ఆదివారం నుంచి నెలంతా నేనే ఉంటా ఒక్కపొద్దు."

ఈ ఎండలో గంపలు మోసే మనిషి తన అబద్ధానికి పస్తులుంటానంటోంది. గౌరి సిగ్గుతో చచ్చిపోయింది. ఇక దాచుకోలేక యల్లక్క చెయ్యి పట్టుకుంది.

"ఉండొద్దక్కా. నాకే ఒక్కపొద్దూ లేదు. చేప తినడానికి అసయ్యమై అబద్ధం చెప్పినా."

యల్లక్క ఆమె ముఖంలోకి చూసింది. తిడుతుందేమో, తిట్టినా బాగుండు అనుకుంది గౌరి. యల్లక్క మెల్లగా చెయ్యి విడిపించుకుని, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"గట్టిగా అనొద్దండి మేడం. ఇంకా ఒక గంప ఉండాది."

ఆ గంప ఖాళీ అయ్యేదాకా గౌరి తల వంచుకుని అక్కడే కూర్చుని, చేపలు కొన్నవాళ్ళు వరసగా పెట్టిన దండాలన్నీ తీసుకుంది.