ఎర్రంచు తెల్లచీర

బాప్తిస్మానికి ముందు బైబిల్లోని పాతమాటల అర్థాలు పాస్టరు అయ్యగారికి ఒప్పజెప్పాలి. మా గోవింద్‌పూర్ తెలుగు సంఘంలో అదొక ఆనవాయితీ. రక్షణ, కృప, విమోచన, ఇలాంటివి. నేర్పేదాన్ని నేనే, నూకమ్మని. నాకు నోరెక్కువంటారు. అననీ, అర్థం తప్పితే మాత్రం ఊరుకోను.

ఈసారి నేర్చుకునేది పైడమ్మ ఒక్కతే. చదువు రాదు. నిరుడు సగంలో మానేసింది, ఎందుకో చెప్పలేదు. శనివారం మళ్లీ అప్పజెప్పించాను.

"విమోచనంటే ఏటే?"

"రిలీవరు రావడమక్కా."

ఒళ్లు మండింది. "ఎల ఇచ్చి ఇడిపించడమని సిలక్కి సెప్పినట్టు సెప్పాను గదే! ఎవులు సెప్పారీ రిలీవరు?"

"మాయాయన."

పైడమ్మ మొగుడు ధర్మరాజు చర్చి గేటు బయట స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. ట్రక్కుల కార్ఖానాలో పని. మతం మారే ఆలోచన అతనికి ఏ కోశానా లేదు. ఆమెను దింపుతాడు, బయటే కాచుకుంటాడు.

"రేపు ఇలాగే వాగితే అయ్యగారు వచ్చే ఏడు రమ్మంటారు" అన్నాను. పాపం, కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆదివారం సత్యప్రసాద్ అయ్యగారు సరిగ్గా ఆ మాటే అడిగారు. నేను వెనకనుంచి పెదవులు కదిపాను. పైడమ్మ నావైపు చూస్తే కదా!

"కార్ఖానాలో మిసను కాడ, డూటీ అందుకునే రిలీవరు వచ్చీదాకా కదలకూడదు గదా, అయ్యగారూ. మాయింట్లో పైడితల్లమ్మ దీపం మాయత్త నా సేతిలో ఎట్టి పోయింది. అది ఆరిపోద్దనే నిరుడు రావడం మానేసినాను. 'నువ్వెల్లు, దీపం నాను సూసుకుంతాను' అన్నాడు మాయాయన. ఆయనకిది ఇష్టం నేదు. అయినా అన్నాడు."

అయ్యగారి ముందు అమ్మవారి దీపం! అయిపోయింది, ఈ ఏడూ లేదనుకున్నాను.

అయ్యగారు మెల్లగా అడిగారు. "నిన్ను పంపినందుకు అతన్నెవరూ ఏమీ అనలేదా అమ్మా?"

"అన్నదమ్ములు గుమ్మం తొక్కడం మానేసినారు, బాబూ. పడతన్నాడు."

"అదేనమ్మా వెల. వచ్చే ఆదివారం బాప్తిస్మానికి తెల్లచీరతో రా."

గేటు దగ్గరికి ఒక్క పరుగు తీశాను. "పాసయిపోయింది, నాయనా! తెల్లచీర కావాల."

ధర్మరాజు డిక్కీ తెరిచి పొట్లం చేతికిచ్చాడు. ముందే కొనేశాడు! మొగుడు బతికుండగా పెళ్లానికి తెల్లచీర కొనాలంటే మా వాళ్లలో ఎవరికి చేతులాడతాయి? విప్పి చూస్తే సన్నటి ఎర్రంచు కుట్టించి ఉంది.

"నానింకా బతికే ఉన్నాను గదక్కా" అని నవ్వాడు.

నాకు ఏడుపాగలేదు. బాప్తిస్మానికి అంచులేని చీరే కట్టాలని ఎవరైనా నోరెత్తనీ, చెప్తాను వాళ్ల సంగతి.