వాగు ఇసుకలో మూడు రాళ్లు

పెళ్లై పద్నాలుగు నెలలైంది గాని, సరళ, కోటేష్ వరుసగా మూడు రోజులు ఒక్కచోట ఉన్నది లేదు. ఆమె భద్రాచలం అడవిలో ఫారెస్టు బీట్ ఆఫీసర్. అతను ముదిగొండ మండలాఫీసులో జూనియర్ అసిస్టెంట్. ఇద్దరివీ కారేపల్లి దిక్కు తండాలే. శనివారం ఆఫీసు కాంగనే బస్సెక్కి ఆమె దగ్గరికి పోవుడు, సోమవారం తెల్లారకముందే మళ్లీ బస్సెక్కుడు. ఇదీ కోటేష్ కాపురం. ఆ నడుమ దొరికిన ఆదివారం కూడా, అడవిలో ఎక్కడో పొగ లేచిందని కబురొస్తే సరళ బూట్లు కట్టుకొని పోయేది. అతను ఆమె యూనిఫాం ఉతికి ఆరేసి, దండెం కింద కూసొని ఎదురు చూసేటోడు.

అందుకే, పులుల లెక్కకు తనతో నడవాల్సిన వాచర్ బొజ్జయ్యకు జ్వరం పట్టిందని, ఇంకో మనిషి దొరకడం లేదని ఆమె ఫోన్‌లో చెప్పంగనే, నేనొస్త అన్నడు. మూడు రోజుల నడక. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు అన్నీ వీపు మీదనే. పగలంతా గుట్టలు, వాగులు, పొద్దుగూకితే ఎక్కడ నీడ దొరికితే అక్కడ. బయటి మనుషుల కోసం పెట్టిన ఫారం నింపి, సెలవు చీటీ రాసి, ఎవరూ అడగకముందే ఆఫీసంతా చెప్పుకొచ్చిండు. పులిని చూడబోతున్నవా అని వాళ్లడిగితే, కాదు, పెండ్లాన్ని చూడబోతున్న అన్నడు.

సరళకు మాత్రం ఈ నడకలో ఒకటే పట్టు. పోయిన ఏడు, వానలు మొదలయ్యేముందు, ఆమె వాగు ఒడ్డున ఒక అడుగు చూసింది. చిరుతది కాదు, పెద్దపులిది. ఫోన్ బయటికి తీసేలోపు వాన దంచి కొట్టింది, అడుగు కరిగిపోయింది. ఆ బీట్‌లో పన్నెండేళ్లుగా పులి లేదని రికార్డు. రేంజర్ జయప్రకాశ్ ఆమె చెప్పింది మొత్తం విని, కుక్క తొక్కి ఉంటది మేడం, రాసుకోకండి అన్నడు. ఆనాటి సంది మీటింగుల్లో ఎవరి నోట అడుగు అన్న మాటొచ్చినా అందరూ ఆమె దిక్కే చూసి నవ్వుడు. ఆ ముచ్చట విన్ననాడు కోటేష్ కూడా నవ్విండు, ఫోన్ పక్కకు పెట్టి. ఆమెకు వినపడలేదనుకున్నడు. వినపడ్డది.

ఈసారి ఫొటో కావాలె. ఒక్కటి చాలు. అబద్ధాలకోరు అన్న పేరు మోసుకొని ఇంకో ఏడు ఆ అడవిలో తిరగడం ఆమెతోని కాదు.

జనవరి నెల. మొదటిరోజు మంచులోనే బయల్దేరిన్రు. బొజ్జయ్య ఇల్లు దారిలోనే. గొంగడి కప్పుకొని అరుగు మీద కూసున్న ఆ కోయ పెద్దాయన కోటేష్‌ను, అతని వీపు మీది సంచిని చూసి, సారుకు అత్తగారింటికి పోయినంత సామానుంది అన్నడు. సరళమ్మ వెంట నడవలేరు, ఆమె కాళ్లు ఆమె మాటే వినవు, మీరు వెనకబడితే వాగు వెంట తిరగొద్దు, మద్దిచెట్ల మీదుగ అడ్డంగ దిగుండ్రి, ముందే చేరతరు అని దారి చెప్పిండు.

పది గంటల వేళకల్లా కోటేష్ వెనకబడనే పడ్డడు. బరువంతా నేనే మోస్త అని పొద్దున మాటిచ్చినందుకు తనను తాను తిట్టుకుంటూ టేకు ఆకులు తొక్కుకుంటూ నడుస్తుండు. సరళ ముందుకు పోయి, వాగు వెంట ఇసుక చూసుకుంటూ నడిచింది. కణితి దుప్పుల డెక్కల గుర్తులు, అడవిపంది తవ్విన గుంటలు, ఎలుగొడ్డు గీకిన పుట్ట, అన్నీ ఫోన్‌లో ఎక్కిస్తూ పోయింది. ఎక్కించీ ఎక్కించీ ఛార్జింగ్ అయిపోయింది. ఛార్జింగ్ పెట్టే డబ్బా కోటేష్ సంచిలో ఉన్నది.

సరిగ్గా అప్పుడు కనపడ్డది. తడి ఇసుకలో, నీళ్లకు రెండు అడుగుల దూరంలో. నాలుగు వేళ్లు, ఎక్కడా గోటి గీత లేదు, కుక్కదైతే గోళ్లు పడుతయి. ఆమె అరచెయ్యి అందులో ఆనిస్తే చుట్టూ ఇంకా జాగా మిగిలింది. అంచులు పదునుగ ఉన్నయి, పొద్దున్నే పడ్డది. సరళ అట్లనే మోకాళ్ల మీద కూసొని ఎంతసేపు చూసిందో ఆమెకే తెల్వదు. తర్వాత లేచి, కోటేష్ వచ్చి తెలియక తొక్కుతడేమోనని, దొరికిన మూడు రాళ్లు తెచ్చి దాని చుట్టూ పెట్టింది. అతను వచ్చేసరికి ఇంకా గంటన్నా పడుతది, ఆలోపు రెండో అడుగు ఎటు పడ్డదో చూద్దామని వాగు ఎగువకు పోయింది.

ఎగువన అంతా బండ. బండ మీద ఏ అడుగూ లేదు.

కోటేష్ మాత్రం బొజ్జయ్య చెప్పినట్టు మద్దిచెట్ల మీదుగ దిగి ఇరవై నిమిషాల్లోనే ఆ ఇసుకలోకి వచ్చిండు. మనిషి లేదు. మూడు రాళ్లు ముక్కోణంగ పెట్టి ఉన్నయి. వాళ్ల దిక్కు మూడు రాళ్లు అట్ల పెట్టి కనపడితే ఎవరైనా ఏమనుకుంటరు? అతని కడుపులో అప్పటికే ఎలుకలు ఉరుకుతున్నయి. నాకు ఆకలైతదని పొయ్యి రాళ్లు పెట్టి పోయింది చూడు అనుకున్నడు, మనసు నిండిపోయింది. తండాలో వాళ్లమ్మ ఊడ్చి నీళ్లు చల్లనిదే పొయ్యి ముట్టించదు. కోటేష్ కూడా తునికి కొమ్మ విరిచి రాళ్ల నడుమ శుభ్రంగ ఊడ్చిండు, ఎత్తుపల్లాలు సాపు చేసిండు, దోసెడు నీళ్లు చల్లిండు, ఎండుపుల్లలు పేర్చి అగ్గిపెట్టె గీసిండు.

సరళ తిరిగొచ్చేసరికి గిన్నెలో అన్నం కుతకుత ఉడుకుతుంది.

"ఈ రాళ్లు ఎవరు పెట్టిన్రు?" అన్నది.

"నువ్వే కదా. గిన్నెకు సరిగ్గ అమరినయి," అన్నడు అతను గంటె కడుక్కుంటూ. "చింతపండు చారు చేద్దామా, కారం మెతుకులు తిందామా?"

"రాళ్ల నడుమ ఏముండె?"

"ఇసుక."

"ఇసుకల?"

"ఏవో గుంటలుండె. సాపు చేసిన."

సరళ కింద కూలబడ్డది. అరవలేదు. ఏ అడుగు, ఎంత పెద్దది, ఎటు మొకం పెట్టి ఉన్నది, అన్నీ మెల్లగ చెప్పింది, చిన్నపిల్లలకు లెక్క చెప్పినట్టు. కోటేష్ గిన్నె దించి, మండుతున్న పుల్లలు చేత్తోనే లాగి పడేసి, వేడి బూడిద పక్కకు తోసి కింద వెతికిండు. ఇసుక నల్లగ మాడి ఉన్నది. వేళ్లు కాలినయి. ఆమె అతని చెయ్యి పట్టుకొని వాగు నీళ్లలో ముంచి, అక్కడే కాసేపు పట్టుకున్నది.

"అన్నం పారబొయ్యకు. ఆకలైతంది," అన్నది. ఆ నీళ్ల పక్కనే ఇద్దరూ తిన్నరు. ఉప్పు మరిచిపోయిండని ఆమె అనలేదు, అతనూ అనలేదు.

రెండోరోజు ఆమె ముందు, అతను వెనక. సరళ ప్రతి ఇసుక మేట దగ్గర వంగి చూసుడు, లేచి ముందుకు పోవుడు. కోటేష్ ఆమె వీపు చూసుకుంటూ నడిచిండు. మండలాఫీసులో వందల అర్జీలకు స్టాంపు వేసిన మనిషి, తన పెండ్లాం చెప్పిన ఒక్క మాటకు మాత్రం ఏనాడూ స్టాంపు వెయ్యలేదని అతనికి అప్పుడు తట్టింది. మధ్యాహ్నానికి కాలి మడమ పొక్కి కుంటుతుంటే ఆమె చూసింది. ఆగి, బూటు విప్పించి, తన తువ్వాల అంచు చింపి కట్టింది. కట్టేటప్పుడు కూడా అతని మొకం చూడలేదు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండంగనే పాత కాపలా గుడిసెకు చేరిన్రు. కూర్చున్నంక కోటేష్ తన ఉపాయం చెప్పిండు. రేపు రిపోర్టులో నేనూ చూసిన అని రాస్త. ఇద్దరు సాక్షులైతరు. అడుగు ఎట్లుంటదో నువ్వు చెప్పు, నేను అట్లనే రాస్త, మా ఆఫీసులో గిట్లాంటివి రోజూ చూస్త, ఎట్ల రాస్తే నమ్ముతరో నాకు ఎరుకే.

సరళ బూట్లు విప్పి గోడకు ఆనించింది. బయట చీకటి పడకముందు అరిచే పిట్టలు అరుస్తున్నయి.

"వాళ్ల సంగతి ఇడిసిపెట్టు. నువ్వు నమ్మినవా?"

"అవ్, నమ్మిన," అన్నడు వెంటనే.

ఆ వెంటనే అనుడే ఆమెకు నచ్చలేదు. కౌంటర్ అవతల నిలబడ్డోళ్లకు చెప్పినట్టు చెప్పిండు. ఫోన్‌లో విన్న ఆ నవ్వు గురించి అప్పుడు ఎత్తింది. అతను తలొంచుకున్నడు, కాదనలేదు. ఆమె దుప్పటి కప్పుకొని గోడ దిక్కు తిరిగింది.

మూడోరోజు వెలుతురు రాంగనే సరళ నీళ్లసీసా పట్టుకొని ఒక్కతే వాగులోకి దిగింది. గుడిసెకు వంద గజాలు కూడా ఉండదు. సగం సీసా నిండింది, ఇంతలో వెనక పొదలు ఇరుగుతున్న చప్పుడు. తిరిగి చూస్తే కోటేష్. చెప్పుల్లేవు, మడమకు కట్టిన గుడ్డ ఊడి వెనక ఈడ్చుకొస్తుంది, చేతిలో అన్నం గంటె. వచ్చి ఆమెకు వీపు ఆనించి, అడవి దిక్కు మొకం పెట్టి నిలబడ్డడు. ఆయాసపడుతుండు. మోకాళ్లు అదురుతున్నయి. ఆ అదురు ఆమె వీపుకు తెలుస్తుంది.

"ఏంది గంటె?"

"చేతికి అదే దొరికింది."

"దేనికి?"

"లేచి చూస్తే నువ్వు లేవు," అన్నడు. "మొన్న నీళ్లకు రెండడుగుల దూరంల ఉండె అన్నవ్ కదా. పొద్దున్నే పడ్డది అన్నవ్ కదా. పొద్దున నీళ్లకు అదీ వస్తదని, ఒక్కదానివి ఎట్ల దిగినవ్?"

సరళ సీసా మూత పెట్టడం మరిచిపోయింది. ఇందులో తొందరపడి చెప్పింది ఏమీ లేదు. ఎవరో మెచ్చాలని చెప్పిందీ కాదు. ఈ మనిషి నిజంగనే వణుకుతుండు. లేని పులికి ఎవరూ ఇట్ల వణకరు. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు నడుమ కండ్లు నిండినయి. అతని వీపుకు తల ఆనించి అట్లనే నవ్వింది.

"నవ్వకు. జల్దీ నింపుకొని రా," అన్నడు అతను, అడవి మీది నుంచి చూపు తిప్పకుండ.

గుడిసె ముందు ఎండలో కూసొని ఆమె పులుల లెక్క ఫారం నింపింది. ఫొటో గడిలో లేదు అని రాసింది. రిమార్కుల్లో జరిగింది జరిగినట్టు, పొయ్యితో సహా, దాచకుండ రాసింది. రేంజి ఆఫీసులో చదివినోళ్లు ఈసారి ఇంకా గట్టిగ నవ్వుతరని ఆమెకు తెలుసు. కోటేష్ కింద ఇంకో నాలుగు వరుసలు తన దస్తూరీతో చేర్చిండు: నేను అడుగు చూడలేదు, గుంటలు చూసిన, వాటిని ఊడ్చి వంట చేసినవాణ్ని నేనే, నా భార్య చెప్పింది నిజమని నమ్ముతున్న. సంతకం పెట్టి, పేరు కింద హోదా కూడా రాసిండు. ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నది.

తిరుగుదారి ఒక్క మనిషి పట్టేంత సన్నటి బాట. సరళ ముందు నడుస్తా అంటే కోటేష్ ఒప్పుకోలేదు, ముందు నుంచి వస్తే అన్నడు. సరే, వెనక వస్తా అంటే దానికీ ఒప్పుకోలేదు, వెనక నుంచి వస్తే అన్నడు. చివరికి ఆమె బాట మీద, అతను పక్కన ముండ్లపొదల్లో. పరికి కంపలు గీరుకొని మోచేతుల మీద ఎర్రటి గీతలు పడుతున్నా పక్క వదలకుండ నడుస్తుండు. బాట మీదికి రా అని ఆమె రెండుసార్లు అన్నది. మూడోసారి అనలేదు. కొంచెం పక్కకు జరిగి, తనూ ఒక కాలు కంపలో పెట్టి, అతనికి సగం బాట ఇచ్చింది.