బంతి రాని పరుగు

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులోంచి ఆటగాళ్లను తీసేసే ఆఖరి రోజు. విసిరిన బంతిని అందుకునే రిసీవర్లలో ఒకణ్ణి పంపేయాలి. జనరల్ మేనేజర్ హార్లన్ ఒక్కొక్కరినీ తూకం వేస్తున్నాడు.

"పొడుగాడు గోల్ దగ్గర అందరి మీదుగా ఎగిరి పట్టుకుంటాడు, ఉండాలి. పొట్టి కెస్లర్ మధ్యలో దూరి, దెబ్బలు తిని మరీ పట్టుకొస్తాడు, వాడూ ఉండాలి. మరి ఈ లవెల్? పరిగెత్తడం తప్ప బంతి పట్టిందెప్పుడు?"

జవాబు రిసీవర్ల కోచ్ వెండెల్‌కు తెలుసు. లవెల్ మైదానం చివరిదాకా దూసుకుపోతే ఎదుటి జట్టు డిఫెండర్లు ఇద్దరు హడలిపోయి వెంటపడతారు. వాళ్లు వదిలిన ఖాళీలోనే కెస్లర్ బంతి అందుకుంటాడు. "నీకు బంతి రాదు. వస్తుందన్నట్టే పరిగెత్తు" అని లవెల్‌కు నేర్పింది వెండెలే.

కానీ ఎదురు చెప్పినవాళ్లను హార్లన్ అంత తేలిగ్గా మరిచిపోడు. వెండెల్ కాఫీ కప్పులోకి చూస్తూ ఊరుకున్నాడు.

తీసేశారన్న కబురు లవెల్‌కు చెప్పాల్సిందీ అతనే.

"నా గురించి ఒక మాట చెప్పారా కోచ్?"

"చెప్పాను నాయనా. వినలేదు."

లవెల్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "మీరుండబట్టే ఇన్నాళ్లున్నాను."

మొదటి ఆటలోనే ఎదుటి డిఫెండర్లు వెనక భయం లేక ముందుకొచ్చి కాచుకున్నారు. కెస్లర్ బంతి అందుకోగానే ఇద్దరూ కలిసి గుద్దారు. పక్కటెముకలు విరిగాయి.

"లవెల్ ఉంటే వాళ్లక్కడ ఉండేవాళ్లా?" స్ట్రెచర్ మీద మూలుగుతూ అడిగాడు కెస్లర్. "మీరు పైవాళ్లకి చెప్పలేదా కోచ్?"

"లేదురా" అన్నాడు వెండెల్.

మర్నాడు హార్లన్ ముందు కూర్చుని అంతా వివరించాడు.

"ఈ ముక్క ఆరోజు చెప్పడానికేమొచ్చింది?"

"మీకు భయపడ్డాను."

లవెల్‌ను వెనక్కి తెద్దామంటే అప్పటికే వేరే జట్టు తీసుకుపోయింది. వెండెల్ అతనికి ఫోన్ చేసి, ఆరోజు నోరు విప్పలేదని, పైగా అబద్ధమాడానని ఒప్పుకున్నాడు.

లవెల్ అన్నాడు. "మీరు నాకోసం పోట్లాడారని మా అమ్మకి చెప్పాను. ఆవిడ మీకు కేకు చేసి డబ్బాలో పెట్టి పంపింది."

"అందింది." సగం తినేశాడు కూడా.

"ఆవిడకి నేను చెప్పలేను కోచ్. మీరే చెప్పుకోండి."

వెండెల్ అలబామాలో ఉన్న లవెల్ తల్లికి ఫోన్ చేశాడు. పేరు చెప్పగానే "కేకు బాగుందా బాబూ?" అందావిడ. అతను అంతా చెప్పాడు.

"ఆ డబ్బా కడిగి పంపించు" అని ఫోన్ పెట్టేసింది.